సగం తారు, సగం బురద: ఒకే జత సైక్లోక్రాస్ టైర్లతో ఎలా నెట్టుకురావాలి

"అన్నా, రోడ్డు మీదా తొక్కాలి, వానాకాలంలో చేల మధ్య బాటల్లోనూ తొక్కాలి, రెండింటికీ ఒకటే జతతో అయిపోవాలి, ఏది వేయమంటావ్?" గ్రావెల్ (మట్టి, కంకర దారుల) సైకిలో, సైక్లోక్రాస్ (బురద పందేల) సైకిలో, హైబ్రిడ్డో కొన్నవాళ్ళు మొదటి వాన పడగానే అడిగే ప్రశ్న ఇది. జవాబు ముందే చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. టైరు మీద ఉండే రబ్బరు గుబ్బల్లో నడిమివి పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉండాలి. అంచు గుబ్బలు కాస్త ఎత్తుగా, ఎడంగా ఉండాలి. ఫ్రేములో బురద తిరగడానికి చోటు వదిలాక ఎంత వెడల్పు పడితే అంత వెడల్పు వేసుకోవాలి. రిమ్ము ఒప్పుకుంటే ట్యూబ్‌లెస్. పేరులోనే 'మడ్' అని ఉన్న టైరు మాత్రం, బురదలో తొక్కుతాను కదా అని కొనకండి.

ఆ చివరి మాటకు చాలామంది ఎదురు తిరుగుతారు, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. మీరు నెలరోజులుగా తొక్కిన దారులన్నీ స్ట్రావా యాప్‌లోనో, మీ గుర్తులోనో ఒకసారి చూసుకోండి. హైదరాబాద్ నుంచి శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు వెళ్ళొచ్చే యాభై కిలోమీటర్ల రైడ్ అనుకుందాం. అందులో ముప్పై అయిదు, నలభై తారు రోడ్డే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మొరం, గట్టిపడిన మట్టి. కాళ్ళకు అంటుకునే అసలు బురద రెండు మూడు కిలోమీటర్లుంటే గొప్ప, అదీ జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. కోస్తాలో అయితే అక్టోబరు, నవంబరు వానలు కూడా కలుపుకోండి. ఆ రెండు కిలోమీటర్ల కోసం ఎత్తు గుబ్బల టైరు వేసుకుంటే మిగతా దారంతా బర్ర్‌మని మోత, కాళ్ళకు బరువు, అన్నిటికన్నా ముఖ్యంగా తారు మీద మలుపుల్లో భయం. ఎత్తు గుబ్బ గట్టి నేల మీద నిటారుగా నిలబడదు, బండి వంచగానే అది కూడా పక్కకు వంగుతుంది, వంగుతూ వంగుతూ ఒక్కసారిగా వదిలేస్తుంది. పైగా మన ఎండాకాలపు తారు మీద ఆ గుబ్బల అంచులు త్వరగా గుండ్రమైపోతాయి, తీరా వానలు వచ్చేసరికి బురదలోనూ పనికిరావు.

మరి ఆ మడ్ టైర్లు ఎవరి కోసం చేశారు? సైక్లోక్రాస్ ఫ్రాన్స్‌లో పుట్టిన చలికాలపు పందెం. మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 1950లో పారిస్‌లో జరిగింది, తర్వాత బెల్జియం వాళ్ళు దాన్ని సొంతం చేసేసుకున్నారు. ఒక పందెం దాదాపు గంటసేపు, గడ్డి మైదానాల్లో, ఇసుకలో, బురదలో చుట్లు కొట్టడమే. పెద్ద పందేల్లో పోటీదారుకు రెండో బండి, మూడో బండి కూడా సిద్ధంగా ఉంటాయి. బురద బాగా పట్టిన బండిని పిట్‌లో, అంటే బండ్లు మార్చుకునే చోట, వదిలేసి కడిగిన బండి ఎక్కేస్తాడు, ఈలోగా మెకానిక్కు ప్రెషర్ వాషర్‌తో మొదటిదాన్ని కడుగుతాడు. అలాంటి చోట మడ్ టైరుకు అర్థం ఉంది. మనకు పిట్ లేదు, మెకానిక్కు లేడు, ఇంటికి వెళ్ళడానికి ఇరవై కిలోమీటర్ల తారు రోడ్డు మాత్రం మిగిలి ఉంటుంది.

అక్కడి నుంచి మనం తెచ్చుకోనవసరం లేని ఇంకో విషయం 33 మిల్లీమీటర్ల వెడల్పు. సైక్లోక్రాస్ టైర్లు చాలావరకు 33 దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ పందేల్లో అంతకు మించి వెడల్పు ఉండకూడదని నియమం పెట్టింది. అది నియమం మాత్రమే, 33 అయితేనే బాగా పరిగెడుతుందని ఎవరూ తేల్చలేదు. మీరు పందెంలో దిగనప్పుడు, ఫ్రేములో చోటున్నప్పుడు, 35, 38, 40కి వెళ్ళండి. 33 నుంచి 40కి వెళ్తే లోపల పట్టే గాలి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అంత గాలి ఉంటే ఒత్తిడి తగ్గించి తొక్కొచ్చు, మట్టిలో దిగబడదు, గుంతలో పడినా రిమ్ము కొట్టుకోదు.

ముందు మట్టి సంగతి

టైరు ఫొటోలు చూడటం మొదలుపెట్టేముందు మీ వైపు మట్టి ఏదో చూసుకోండి. బురద అని ఒక్క మాటలో అనేస్తాం గానీ దేని తీరు దానిదే.

ఎర్ర చెల్క, మొరం, అనంతగిరి గుట్టల వైపు ఉండే ఎర్ర రాతి నేల, అనంతపురం వైపు ఎర్ర నేల, ఇవన్నీ వాన పడగానే నీళ్ళను త్వరగా ఇంకించుకుంటాయి. పైన పలచటి జారుడు పొర ఉంటుంది, దాని కింద నేల గట్టిగానే ఉంటుంది. ఇక్కడ ఎత్తు గుబ్బలతో పనే లేదు. పొట్టి గుబ్బ కూడా ఆ పలచటి పొరను దాటి కింద గట్టి నేలను పట్టుకుంటుంది. మొదట్లో చెప్పిన పొట్టి గుబ్బల టైరు, అంటే ఆల్‌రౌండ్ టైరు, అసలు సత్తా చూపించే నేల ఇదే, వాన వెలిసిన ఒకటి రెండు గంటలకే హాయిగా తొక్కొచ్చు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువ గట్లు, చేల గట్లు ఒండ్రు మట్టి. తడిస్తే సబ్బులా జారుతుంది. ఇక్కడ నడిమి గుబ్బల కంటే అంచు గుబ్బలు ముఖ్యం, ఎందుకంటే గట్టు వాలు మీద చక్రం పక్కకు జారకుండా ఆపేవి అవే. నడుమ నున్నగా ఉన్నా నెట్టుకురావచ్చు, అంచు నున్నగా ఉంటే కాలువలోకే.

ఇక నల్లరేగడి. తాండూరు కంది చేలు, గుంటూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లో చాలా భాగం, ఆదిలాబాద్ పత్తి నేలలు. ఈ మట్టిలో ఉండే బంక రకం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళు తీస్తుంది. తడి రేగడిలో చక్రం పది మీటర్లు తిరిగేలోపు టైరుకు ఒక పొర అంటుకుంటుంది, దానికి ఇంకో పొర, దానికి గడ్డి, రాలిన పత్తి ఆకులు, చిన్న రాళ్ళు. ఆ ముద్ద ఫోర్కు కింద దూరి, బ్రేకుల దగ్గర ఇరుక్కుని, చివరికి చక్రం తిరగడమే మానేస్తుంది, ముందుకు తోస్తే బండి ఈడ్చుకుంటూ వస్తుంది. దీనికి టైరు లేదు. మడ్ టైరు కూడా కాదు. గుబ్బల మధ్య ఎడం ఎక్కువుంటే మట్టి విదిలించుకుంటుందని రాస్తారు, అది యూరప్ గడ్డి మైదానాల బురదకు నిజం, రేగడి అలా ఊడిరాదు. తడి రేగడి బాట కనిపిస్తే తారు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళండి, లేదంటే బండి భుజాన వేసుకుని నడవండి. తోయకండి, తోస్తే ఇంకా అంటుకుంటుంది, గేర్లు మార్చే డీరైలర్ విరిగే ప్రమాదం కూడా ఉంది. ఆ నేల ఆరిపోయి గట్టిపడ్డాక మళ్ళీ మన ఆల్‌రౌండ్ టైరే చాలు, కాకపోతే ట్రాక్టరు గాడి గట్టిపడి ఉంటుంది, అందులో ముందు చక్రం పడితే బయటికి రాదు, చూసి తొక్కాలి.

అందుకే మడ్ టైరు ఎప్పుడు కొనొచ్చంటే: మీ ఇంటి నుంచి రెండు మూడు కిలోమీటర్లలోనే మట్టి బాట మొదలై, రైడ్ అంతా దాని మీదే అయ్యి, నేల రేగడి కాకుండా మెత్తటి గడ్డి నేల అయితే. ఇంగ్లండులోనో నెదర్లాండ్స్‌లోనో ఉన్న మనవాళ్ళకు చలికాలంలో ఇది సరిగ్గా సరిపోతుంది, వాళ్ళు నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు.

ఫ్రేములో ఎంత పడుతుంది, సైజు ఎలా చదవాలి

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు, 6 మిల్లీమీటర్ల అలెన్ కీ చాలు. ఇప్పుడున్న టైరులో గాలి పూర్తిగా కొట్టి, వెనక చక్రం దగ్గర కూర్చుని, టైరుకూ ఫ్రేముకూ మధ్య ఆ కీని దూర్చండి. కిందికి పెడల్ వైపు వచ్చే రెండు గొట్టాల దగ్గర, పైన సీటు కింద అడ్డంగా ఉండే కమ్మీ దగ్గర, ముందు ఫోర్కు తల కింద, నాలుగు చోట్లా చూడాలి. కీ ఒరుసుకోకుండా తిరిగితే ఇప్పుడున్న టైరుకు బురద చోటు ఉందన్నమాట. ఇంకా ఎంత మిగిలిందో దాన్నిబట్టి పెద్దది వేయొచ్చు. ఉదాహరణకు రెండు పక్కలా పది పది మిల్లీమీటర్లు ఖాళీ ఉంటే 6 మిల్లీమీటర్లు బురదకు వదిలేసి, ఒక్కో పక్క 4 చొప్పున, అంటే మొత్తం 8 మిల్లీమీటర్ల వెడల్పు పెంచుకోవచ్చు. టైరు ఎత్తు కూడా పెరుగుతుందని మర్చిపోవద్దు, ఫోర్కు తల కింద చాలా బండ్లలో ముందు తగిలేది అక్కడే. రోడ్ బండికి ఉండే కాలిపర్ బ్రేకులైతే ఈ గోల అక్కర్లేదు, 28 మిల్లీమీటర్లు దాటిన టైరు పట్టడం కష్టం, ఆ బండిని బురదలోకి తీసుకెళ్ళకండి.

టైరు మీద రాసిన వెడల్పు, ఎక్కించాక కొలిచిన వెడల్పు ఒకటి కావు. రిమ్ము లోపలి వెడల్పు ఎక్కువుంటే టైరు ఇంకో మిల్లీమీటరో రెండో విచ్చుకుంటుంది, ఎక్కించిన రెండు రోజులకు కొంచెం సాగుతుంది కూడా. లెక్క మరీ అంచుకు పెట్టుకోవద్దు.

సైజు విషయంలో మన దగ్గర ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. 33-622, 700x33సి, 28x1.30 ఈ మూడూ ఒకే టైరు. కానీ మన పాత నల్ల సైకిళ్ళకు, పాలవాళ్ళ బండ్లకు వేసే 28x1½ వేరు, దాని రిమ్ము కొలత 635, అంటే మన చక్రం కంటే 13 మిల్లీమీటర్లు పెద్దది. షాపులో "28 ఇంచీ టైరు" అని అడిగితే అదే తీసి ఇస్తారు, అది 700సి రిమ్ము మీద వదులుగా తిరుగుతుంది. కాబట్టి ఇంచీలు మర్చిపోయి టైరు పక్కన చిన్న అక్షరాల్లో 622 అని ఉందా లేదా చూడండి. 29 ఇంచీల ఎంటీబీ (మౌంటెన్ బైక్) టైరు కూడా 622నే, రిమ్ముకు ఎక్కుతుంది గానీ మన ఫ్రేములో పట్టదు. 584 అని ఉంటే అది 27.5 ఇంచీలది, 559 అంటే పాత 26 ఎంటీబీది.

గుబ్బలు చూసి టైరు పని చెప్పడం

టైరును నెత్తి నుంచి చూస్తే మూడు పట్టీలు కనిపిస్తాయి. నడుమ ఉన్నది తారు మీద, గట్టి మట్టి మీద నిటారుగా తొక్కేటప్పుడు తగిలేది. అంచు గుబ్బలు బండి వంచినప్పుడు, మెత్తటి నేలలో దిగబడినప్పుడు తగిలేవి. ఆ రెండింటి మధ్య ఇంకో పట్టీ ఉంటుంది, దాన్ని చాలామంది చూడరు. నడిమికీ అంచుకూ మధ్య పెద్ద ఖాళీ ఉన్న టైరు తారు మీద వంచినప్పుడు, ఆ ఖాళీ దాటుతుంటే చక్రం చిన్నగా జారి మళ్ళీ పట్టుకున్నట్టు అనిపిస్తుంది, వంపు రోడ్డులో అదో టెన్షన్. మిశ్రమ వాడకానికి ఆ మధ్య పట్టీలో కూడా చిన్న గుబ్బలు వరుసగా పేర్చి ఉన్న టైరు ఎంచుకోండి.

నడిమి పట్టీ ఎలా ఉందో చూసి దాని స్వభావం చెప్పేయొచ్చు. గుబ్బలు కాకుండా సన్నటి గరుకు మాత్రమే ఉంటే తారు మీద బాగా పరిగెడుతుంది, తడి మట్టి ఎక్కుడులో వెనక చక్రం ఉత్తినే తిరుగుతుంది. పొట్టి గుబ్బలు దగ్గరగా ఉంటే అదే మన రకం. ఎత్తుగా, ఒకదానికొకటి వేలు దూరేంత ఎడంగా ఉంటే మడ్ టైరు. షాపులో బొటనవేలితో నడిమి గుబ్బను పక్కకు నెట్టి చూడండి, సులువుగా వంగిపోతే తారు మీద కూడా అలాగే వంగుతుంది.

పేర్లు కావాలంటే, చాలెంజ్ కంపెనీ గ్రిఫో ఎన్నో ఏళ్ళుగా ఆల్‌రౌండ్ అంటే గుర్తొచ్చే టైరు, నడుమ బాణం మొనల్లాంటి గుబ్బలు, అంచుల్లో దిమ్మలు. అదే కంపెనీది షికేన్ నడుమ గరుకు, అంచున పెద్ద గుబ్బలు, పొడి నేలకు. లిమస్ బురదకు. విట్టోరియా టెరెనోలో డ్రై, మిక్స్, వెట్ అని మూడున్నాయి, మనకు మిక్స్. డ్రై కూడా తీసిపారేసేది కాదు, నడుమ చేప పొలుసుల్లా ఉంటుంది, ఎర్ర నేలల వైపు వాళ్ళకు అదే మేలనుకుంటాను. ష్వాల్బే ఎక్స్-వన్‌లో ఆల్‌రౌండ్ అని పేరుతోనే ఉంది, అదే వరుసలో పొడి నేలకు వచ్చే స్పీడ్‌కూ, బురదకు వచ్చే బైట్‌కూ మధ్యది. డానెల్లీ వాళ్ళవి, ఇదివరకు క్లెమెంట్ పేరుతో వచ్చేవి, విమానాశ్రయాల కోడ్‌లతో ఉంటాయి: ఎల్ఏఎస్ అంటే లాస్ వేగాస్, పొడి నేలకు. పీడీఎక్స్ అంటే ఎప్పుడూ వానలు కురిసే పోర్ట్‌లాండ్, బురదకు. ఎంఎక్స్‌పీ మిలాన్, రెండింటికీ మధ్యది. పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి, కేటలాగు చూడకుండానే అర్థమైపోతుంది.

ఇవి దిగుమతి సరుకు, ఖరీదెక్కువ, అన్నివేళలా దొరకవు. దొరకలేదని బాధపడనక్కర్లేదు. 38, 40 పట్టే ఫ్రేము ఉన్నవాళ్ళు గ్రావెల్ టైర్ల వైపు చూడండి. పానరేసర్ గ్రావెల్‌కింగ్ ఎస్‌కే నడుమంతా చిన్న చదరపు గుబ్బలు దగ్గరగా పేర్చి ఉంటుంది, తారు మీద మోత తక్కువ. కాంటినెంటల్ టెరా ట్రెయిల్ గుబ్బలు ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాయి. తక్కువ ఖర్చులో కావాలి, ట్యూబుతోనే తొక్కుతాను అనేవాళ్ళకు ష్వాల్బే స్మార్ట్ శామ్ ఉంది, నడుమ కలిసిపోయిన గుబ్బల వరుస, అంచుల్లో విడివిడి గుబ్బలు, బరువెక్కువే గానీ చాలాకాలం వస్తుంది. ఆఫీసుకు కూడా అదే బండి మీద వెళ్ళేవాళ్ళు బరువు సంగతి పట్టించుకోకుండా దాన్నే వేసుకోవచ్చని నా అభిప్రాయం.

ఒక అపోహ గురించి రెండు మాటలు. తడి తారు మీద గుబ్బలుంటే పట్టు ఎక్కువ అనుకుంటారు. కారు టైరుకు నీళ్ళు పక్కకు పోవడానికి గాడులు కావాలి, సైకిల్ టైరు సన్నం, ఒత్తిడి ఎక్కువ, మన వేగాల్లో నీటి పొర మీద తేలదు. తడి రోడ్డు మీద పట్టు రబ్బరు మెత్తదనం నుంచి, ఎంత రబ్బరు నేలను తాకుతోందన్న దాన్నుంచి వస్తుంది. గుబ్బలెక్కువైతే తాకే రబ్బరు తగ్గుతుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రైలు పట్టాలు మాత్రం ఏ టైరుకైనా జారుతాయి, వాటి మీద బండి వంచకూడదు, బ్రేకు పట్టకూడదు.

ముందు ఒకటి, వెనక ఒకటి వేసుకోవచ్చా? వేసుకోవచ్చు, నిజానికి బాగుంటుంది. ముందు చక్రం జారితే పడతాం, వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. బరువు ఎక్కువ పడేదీ, త్వరగా అరిగేదీ వెనకదే. అందుకని ముందు గుబ్బలు ఎక్కువున్నది, వెనక నడుమ నున్నగా ఉన్నది. మీ దారిలో తడి ఎక్కుళ్ళు ఎక్కువైతే మాత్రం వెనక కూడా గుబ్బలుండాల్సిందే. ఎక్కించేముందు పక్కన బాణం గుర్తు చూసుకోండి, కొన్ని టైర్లకు ముందుకు ఒక దిశ, వెనకకు ఇంకో దిశ రాసి ఉంటుంది.

పల్లేరు కాయలు, ట్యూబ్‌లెస్

మన చేల గట్ల మీద సైకిల్‌కు అసలు శత్రువు బురద కాదు, పల్లేరు. తర్వాత తుమ్మ, రేగు. సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టి బాట పక్కన పడేస్తే ఆ దారి కొన్నాళ్ళు మర్చిపోవడమే మంచిది. మంచి సైక్లోక్రాస్ టైర్ల కేసింగ్, అంటే రబ్బరు కింది గుడ్డ పొర, పలచగా, మెత్తగా ఉంటుంది, దారాల లెక్క (టీపీఐ) అంగుళానికి 120, 300 అని గొప్పగా రాసుకుంటారు, నేలకు చక్కగా ఒదుగుతుంది, ముల్లు కూడా అంతే చక్కగా దిగుతుంది. 60 టీపీఐ టైరు కొంచెం మొద్దుగా ఉన్నా మన ముళ్ళకు మేలు. పంక్చర్ పట్టీ నడుమకే పరిమితమా, అంచు దాకా ఉందా అన్నది కూడా కంపెనీ వివరాల్లో చూసుకోండి.

పల్లేరు బెడదకు ట్యూబ్‌లెస్ మంచి విరుగుడు. లోపల సీలెంట్ (రంధ్రాలు పూడ్చే ద్రవం) పోస్తే ముల్లు చేసిన సన్న రంధ్రాలు చక్రం తిరుగుతుండగానే పూడిపోతాయి, చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరుకు సుమారు 40, 60 మిల్లీలీటర్లు చాలు. మన ఎండలకు అది త్వరగా ఎండిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారి వాల్వ్ కోర్ తీసి సన్న పుల్ల ముంచి చూడండి, తడి అంటకపోతే మళ్ళీ పోయాలి. ఎండాకాలం దాటి మొదటి వానకు బయల్దేరేముందు ఇది తప్పనిసరి. టైరూ రిమ్మూ రెండూ ట్యూబ్‌లెస్‌కు తగినవే అయి ఉండాలి, మామూలు టైరులో సీలెంట్ పోసి ప్రయోగాలు చేయకండి.

ట్యూబ్‌లెస్ అయినా జేబులో ఒక ట్యూబు ఉండాలి. సైడ్‌వాల్, అంటే టైరు పక్క భాగం, రాయికి కోసుకుంటే సీలెంట్ ఆపలేదు. అప్పుడు ట్యూబు వేసేముందు టైరు లోపలంతా ఒక గుడ్డతో చుట్టూ తుడవండి, వేలితో కాదు. సీలెంట్ మూసేసిన పాత పల్లేరు ముళ్ళు ఇంకా లోపల పొడుచుకునే ఉంటాయి, గుడ్డ వాటికి తగులుకుంటుంది. వాటిని తీయకుండా ట్యూబు వేస్తే గాలి కొడుతుండగానే దిగిపోతుంది.

కొత్త టైరు రిమ్ముకు కూర్చోకపోతే అంచులకు సబ్బు నీళ్ళు రాసి, పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రెస్టా (సన్నగా, పొడుగ్గా ఉండే) వాల్వ్‌కు చిన్న ఇత్తడి అడాప్టర్ మీ దగ్గరే ఉండాలి, వాళ్ళ దగ్గర ఉండదు. కొద్దికొద్దిగా కొట్టమనండి, టప్ టప్ మని రెండు మూడు చప్పుళ్ళు వస్తే కూర్చున్నట్టు. కార్లకు గాలి కొట్టే చేయి సైకిల్‌కు కొడితే రెండు సెకన్లలో దాటిపోతుంది, టైరు మీద రాసిన గరిష్ఠం దగ్గర ఆపించాల్సింది మీరే. రిమ్ము హుక్‌లెస్ రకమైతే (టైరు అంచును పట్టుకునే కొక్కెం లేనిది) 5 బార్, అంటే 72 పీఎస్ఐ దాటకూడదు, టైరు మీద కంపెనీ ఇంకా తక్కువ రాసి ఉంటే అదే లెక్క.

గాలి, అసలు కీలకం ఇదే

వేలు పోసి టైరు కొని, రోడ్ బండి లెక్కన 80 పీఎస్ఐ కొట్టుకుని, "బురదలో జారుతోంది" అనేవాళ్ళు చాలామంది. గాలి సరిగ్గా పెట్టుకుంటే మామూలు టైరు కూడా మంచి టైరు అవుతుంది. గేజ్ ఉన్న ఫ్లోర్ పంపు ఒకటి కొనండి, వేలితో నొక్కి చెప్పే లెక్కలు నమ్మొద్దు, గట్టి సైడ్‌వాల్ ఉన్న టైరు 25 దగ్గర కూడా గట్టిగానే అనిపిస్తుంది.

70 కిలోల మనిషి, 38 వెడల్పు, ట్యూబు ఉన్న టైరు అనుకుంటే తారు మీదే వెళ్ళే రోజు ముందు 48, వెనక 52. సగం సగం రోజు 38, 42. ఎక్కువ బురద ఉన్న రోజు 30, 34. ట్యూబ్‌లెస్ అయితే అన్నిట్లో అయిదు తగ్గించుకోండి. 33 వెడల్పైతే అయిదారు పెంచుకోండి. ప్రతి అయిదు కిలోల బరువుకు ఒకటి రెండు పీఎస్ఐ అటూ ఇటూ. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు, అక్కడి నుంచి ఒక్కోసారి రెండు చొప్పున దించుతూ మీకు తెలిసిన బాట మీదే తొక్కి చూడండి. మలుపులో టైరు కింద పిండి మెదిపినట్టు మెత్తగా కదులుతోందంటే, లేదా రాయి ఎక్కినప్పుడు రిమ్ము ఠక్కుమని తగిలిందంటే మూడు పెంచి అక్కడ ఆగండి. ట్యూబులో పక్కపక్కనే రెండు రంధ్రాలు పడితే ముల్లు కాదు, గాలి తక్కువై రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట.

మిశ్రమ రైడ్‌లో సగం దారిలో మార్చాల్సి వస్తుంది. ఇంటి దగ్గర రోడ్డుకు తగ్గట్టు కొట్టుకుని, మట్టి బాట మొదలయ్యే చోట దించుకోండి, దించడం ఎప్పుడూ తేలిక. ప్రెస్టా వాల్వ్ మొనను ఎంతసేపు నొక్కితే ఎన్ని పీఎస్ఐ పోతుందో ఇంట్లోనే పంపు గేజ్ పెట్టి ఒకసారి చూసుకుంటే బయట అంచనా తప్పదు. తిరిగి తారెక్కాక చిన్న పంపుతో మళ్ళీ కొట్టడం బద్ధకమనిపిస్తే అలాగే వచ్చేయండి, 38 టైరులో 34 గాలితో ఇరవై కిలోమీటర్లు వస్తే కొంచెం నెమ్మది తప్ప ఏం కాదు, మలుపుల్లో మాత్రం వేగం తగ్గించుకోవాలి.

ఇంటికి రాగానే మట్టి ఆరకముందే మామూలు పైపుతో కడగండి. ప్రెషర్ వాషర్‌తో చక్రం నడిమి హబ్బు మీద, పెడల్ దగ్గర బేరింగుల మీద కొట్టొద్దు, గ్రీజు కడుక్కుపోతుంది. కడిగాక టైరు చుట్టూ ఒకసారి చూసి గుచ్చుకున్న గాజు ముక్కలు, ముళ్ళు తీసేయండి, ట్యూబ్‌లెస్‌లో ముల్లు తీయగానే సీలెంట్ చిమ్మితే ఆ చోటును కిందికి తిప్పి పెడితే పూడుతుంది.

వెనక టైరు నడిమి గుబ్బలు అరిగి నున్నబడితే, ముందుదాన్ని వెనక్కి మార్చి కొత్తదాన్ని ముందు వేయండి. అరిగిన టైరు సైడ్‌వాల్ బాగుంటే అందులోంచి రెండు వేళ్ళంత ముక్క కోసి సామాను సంచీలో పడేసుకోండి. ఎక్కడో చేల మధ్య సైడ్‌వాల్ కోసుకుపోతే లోపలి నుంచి ఆ ముక్క అడ్డం పెట్టి, ట్యూబు వేసి, గాలి కొంచెం తక్కువ కొట్టుకుని ఇంటిదాకా వచ్చేయొచ్చు.